కాళ్ల కింది రాయి, కనిపించని గాలి



మన పుప్పాలగూడ చుట్టూ గుట్టలే. పక్కన ఖాజాగూడ గుట్టలు చూడండి. అదంతా గ్రానైటు రాయి. సుమారు 250 కోట్ల ఏండ్ల నాటిది. మన పాత ఇండ్ల పునాదులు ఆ రాయి మీదనే ఉన్నయి.

ఈ రాయిలో యురేనియం అనే లోహం కొంచెం ఉంటుంది. అది మెల్లమెల్లగా మారుతుంది. అప్పుడు ఒక గాలి పుడుతుంది. దాని పేరు రేడాన్. దానికి రంగు లేదు, వాసన లేదు. నేలలోంచి పైకి వస్తుంది. ఆరుబయట అయితే గాలిలో కలిసి పలచబడుతుంది. ఇంట్లో అయితే? గచ్చు పర్రెల్లోంచి వచ్చి, తలుపులు మూసిన గదిలో నిలుస్తుంది.

దానితో ఏం నష్టం? ఏండ్ల తరబడి ఎక్కువగా పీలిస్తే ఊపిరితిత్తులకు క్యాన్సర్ రావచ్చు. బీడీ, సిగరెట్ తాగేవారికి ఈ ముప్పు ఎన్నో రెట్లు ఎక్కువ.

ఇది ఎట్లా బయటపడిందో వినండి. 1984లో అమెరికాలో స్టాన్లీ వాట్రస్ అనే ఇంజనీరు అణు విద్యుత్ కేంద్రంలో పని చేసేవాడు. ఒకనాడు ఆయన పనికి రాగానే అక్కడి గంటలు మోగాయి. వెతికితే ఏం తెలిసింది? తప్పు కేంద్రంలో లేదు. ఆయన ఇంట్లోనే రేడాన్ ఉంది. అదీ హద్దుకు వందల రెట్లు! తర్వాత ఇల్లు బాగు చేశారు. ఆ కుటుంబం మళ్లీ అదే ఇంట్లో చేరింది.

ఎట్లా బాగు చేస్తారు? ముందు పర్రెలు పూడుస్తారు. గచ్చుకు రంధ్రం చేసి, ఒక పైపు దించుతారు. దాన్ని కప్పు పైదాకా తీసుకుపోతారు. పైపుకు చిన్న ఫ్యాను పెడతారు. ఫ్యాను నేల కింది గాలిని గుంజి పైన వదులుతుంది. పొయ్యికి పొగగొట్టం ఉన్నట్టే, ఇది నేలకు గొట్టం. ఇప్పుడు అమెరికాలో మన తెలుగువాళ్లు కూడా ఇల్లు కొనేముందు రేడాన్ పరీక్ష చేయించుకుంటారు.

మరి మనం భయపడాలా? వద్దు. రాయి ఉన్న ప్రతి ఇంట్లో ముప్పు ఉండదు. కొలిస్తేనే తెలుస్తుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు మన హైదరాబాదు ఇండ్లలో రేడాన్ కొలిచారు. చిన్న ఫిల్ము ముక్కను నెలల తరబడి గదిలో ఉంచి, దాని మీద పడిన గీతలు లెక్కపెడతారు. గాలి ఆడని గదిలో రేడాన్ ఎక్కువ. గాలి ఆడే గదిలో తక్కువ.

అందుకే మన చేతిలో ఉన్న పని ముందు చేద్దాం. గచ్చుకు, గోడ మొదట్లో పర్రెలు ఉంటే సిమెంటుతో పూడ్పించండి. ఒక్క పూడిస్తేనే చాలదు, గాలి ఆడాలి. పొద్దున, సాయంత్రం ఎదురెదురు కిటికీలు తెరవండి. దోమలకు భయపడి మూయకండి, జాలీ కొట్టించండి. ఇంట్లో బీడీ కాల్చనివ్వకండి.

కిరాయి ఇల్లా? కిటికీ పెట్టమని ఇంటాయనను అడగండి. అడగడం తప్పు కాదు. రోజంతా ఆ గదిలో వండేది, పిల్లలను పండబెట్టేది, నేల మీద పండేది మనమే కదా! ఆ గాలి ఎక్కువ పీల్చేది కూడా మనమే.

ఇంటికి పోయి చూడండి. పలక మీద రాసుకొని రండి:

మా ఇంట్లో కిటికీలు ఎన్ని? అందులో తెరిచేవి ఎన్ని? గచ్చుకు పర్రెలు ఎన్ని?

రేపు అందరం కలిసి చదువుదాం. ఎవరి ఇంట్లో ముందు పని మొదలుపెట్టాలో మాట్లాడుకుందాం.