పెట్టె కొలిచాకే ధర చెప్పాలి
(బెడోక్‌లో ఆదివారం కూడికలో చేసిన ప్రసంగం)

వారానికి ఒక్క సెలవు. బట్టలు, వంట, ఇంటికి ఫోను అన్నీ పక్కనబెట్టి బెడోక్ దాకా వచ్చారు. అందుకే సూటిగా విషయంలోకి వెళ్దాం.

మనలో చాలామంది ఇళ్లలో ఆడవాళ్లు ఏదో ఒకటి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. ఆవకాయ, గోంగూర పచ్చడి, సున్నుండలు, పూతరేకులు, కుట్టిన జాకెట్లు. ఆర్డరు వాట్సాప్‌లో వస్తుంది, డబ్బు ఫోన్‌పేలో పడుతుంది. ఎంత ధర పెట్టాలి, కొరియర్‌కు ఎంత తీసుకోవాలి అని రాత్రి మనల్ని అడుగుతారు. డ్యూటీ దిగి అలసటలో ఉంటాం, నోటికొచ్చిన అంకె చెప్పేస్తాం. నెలాఖరుకు చూస్తే అమ్మకం బాగానే ఉంటుంది, డబ్బు మాత్రం కనపడదు. ఆ లోటు మనం ఇక్కణ్ణుంచి పంపిన డాలర్లలోంచే పూడుతుంది. పిల్లల ఫీజుకని పంపింది కొరియర్ వాడికి పోతుంది.

లెక్కలోకి వెళ్లేముందు ఒక మాట. వర్క్ పర్మిట్ మీద ఉన్నవాళ్లం ఇక్కడ వ్యాపారం చేయకూడదు, సొంతంగా మొదలుపెట్టకూడదు. పర్మిట్ షరతుల్లోనే ఉంది. ఊరి నుంచి ఇరవై డబ్బాల పచ్చడి తెప్పించి డార్మిటరీలో లాభానికి అమ్మితే పర్మిట్‌కే ముప్పు. పైగా అమ్మకానికి తిండి వస్తువులు దిగుమతి చేయాలంటే సింగపూర్ ఫుడ్ ఏజెన్సీ అనుమతులు కావాలి. మాంసం పచ్చళ్ల సంగతి ఇంకా గట్టిది. కాబట్టి వ్యాపారం ఇంట్లోవాళ్ల పేరు మీద, వాళ్ల ఖాతాలో, ఊళ్లోనే జరగాలి. మనం చేయగలిగింది లెక్క చూసిపెట్టడం. అనుమానం ఉంటే మినిస్ట్రీ ఆఫ్ మ్యాన్‌పవర్‌నే అడగండి, పక్క బెడ్డు వాడిని కాదు.

ఇప్పుడు అసలు లెక్క. సైట్లో బాత్‌రూమ్ టైల్స్‌కు ఎస్టిమేట్ వేసేటప్పుడు గోడ కొలత ఒక్కటే చూస్తామా? కోతలో పోయేది, పగిలేది, లారీ, కూలి అన్నీ కలుపుతాం. ఇంటి దగ్గర పూతరేకులకు మాత్రం బియ్యం, బెల్లం, నెయ్యి లెక్కేసి ఊరుకుంటాం. అమ్మ, భార్య పొద్దున్నుంచి కుండ ముందు కూర్చుని రేకు తీస్తారే, ఆ కూలి ఎవరూ రాయరు. రేపు ఆర్డర్లు పెరిగి పక్కింటామెను పనికి పిలిస్తే ఆమెకు కూలి ఇవ్వాల్సిందే కదా! అందుకని మొదటి రోజు నుంచే రాయాలి.

పూతరేకులనే తీసుకుందాం. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, గిరాకీ ఉన్న సరుకు. కానీ తేలిక, పెళుసు, చోటు ఎక్కువ తీసుకుంటుంది. కొరియర్ కంపెనీలు రెండు బరువులు చూస్తాయి. ఒకటి కాటా బరువు. రెండోది వాల్యూమెట్రిక్ బరువు, అంటే పెట్టె ఆక్రమించే చోటుకు కట్టే బరువు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే కిలోలు వస్తాయి. చాలా కంపెనీలది ఇదే లెక్క, కొన్ని ఇంకా చిన్న అంకెతో భాగిస్తాయి, అడిగి తెలుసుకోండి. రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే డబ్బు.

40, 30, 20 సెంటీమీటర్ల అట్టపెట్టెలో 2 కిలోల పూతరేకులు పెట్టారనుకోండి. గుణిస్తే 24000, భాగిస్తే 4.8. రెండు కిలోల సరుకుకు దాదాపు ఐదు కిలోల చార్జీ! అదే సరుకు 10 సెంటీమీటర్ల ఎత్తున్న పెట్టెలో సర్దగలిగితే 2.4 కిలోలు, చార్జీ సగానికి దిగుతుంది. ఆవకాయ దీనికి రివర్సు. సీసా, నూనె, ముక్క అన్నీ బరువే, చోటు తక్కువ. అక్కడ కాటా బరువే నడుస్తుంది, పెట్టె మార్చినా కలిసొచ్చేది పెద్దగా ఉండదు. రెండింటికీ ఒకటే డెలివరీ చార్జీ పెట్టేవాళ్లు ఒకదాంట్లో నష్టపోతారు, ఇంకోదాంట్లో గిరాకీని పోగొట్టుకుంటారు.

ఒక చిన్న పెట్టెకు ధర కడదాం. అంకెలు ఉదాహరణకే. సరుకు 130 రూపాయలు, చేతి కూలి 50, డబ్బా, టేపు 25. మొత్తం 205. కొరియర్ 90. ఇరవై పెట్టెల్లో ఒకటి నలిగిపోయి మళ్లీ పంపాల్సి వస్తుందనుకుంటే, ఆ 295ని ఇరవై పెట్టెల మీద పంచితే ఒక్కోదానికి సుమారు 15. ఇప్పటికి 310. లాభం 50 కావాలి, అంటే 360. అమ్మే సైటు 10 శాతం కమీషన్ తీసుకుంటే చాలామంది 36 కలిపి 396 అంటారు. కానీ కమీషన్ కోసేది మన ఖర్చు మీద కాదు, అమ్మిన ధర మీద. 360ని 0.9తో భాగించాలి. 400 వస్తుంది. నాలుగు రూపాయలేగా అంటారేమో, వెయ్యి పెట్టెలకు నాలుగు వేలు.

‘డెలివరీ ఫ్రీ’ అని పెట్టడం తప్పేం కాదు, ఆ 90 ధరలోనే ఉందని మనకు గుర్తుంటే చాలు. మా సలహా అడిగితే, ఒక పెట్టెకు డెలివరీ విడిగా తీసుకుని, రెండు పెట్టెలు కొంటే ఫ్రీ ఇవ్వడం మేలు. మామూలుగా మొదటి అర కిలోకు ఒక రేటు, ఆపై ప్రతి అర కిలోకు ఒక రేటు ఉంటుంది. రెండో పెట్టెకు చార్జీ రెట్టింపు కాదు.

క్యాష్ ఆన్ డెలివరీకి మాత్రం తొందరపడొద్దు. కొన్నవాడు తలుపు తీయకపోతే పెట్టె వెనక్కి వస్తుంది. రానుపోను చార్జీ మనదే, సరుకు అప్పటికి మెత్తబడిపోతుంది. తిండి వస్తువులకు ముందే డబ్బు తీసుకోండి. ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ కూడా ఇంట్లోవాళ్ల చేత చేయించండి. సరుకు వేరే రాష్ట్రానికి పోతుంటే జీఎస్టీ సంగతి ఊళ్లో ఆడిటర్‌ను ఒకసారి అడగాలి.

సింగపూర్‌లో ఉన్న ఎవరైనా మన ఇంటి నుంచి జాకెట్లు, చీరలు తెప్పించుకుంటామంటే, విమానంలోనో పోస్టులోనో వచ్చే సరుకుకు 400 డాలర్ల గీత ఉంది. అది దాటితే దిగుమతి మీద 9 శాతం జీఎస్టీ పడుతుంది. ఆ 400లో సరుకు ధర ఒక్కటే కాదు, రవాణా, బీమా కూడా కలుస్తాయి. 380 డాలర్ల చీరలకు 40 డాలర్ల కొరియర్ అయితే గీత దాటినట్టే. ఆ పన్ను ఎవరు కట్టాలో ఆర్డరు తీసుకునేటప్పుడే చెప్పాలి.

ఈ రాత్రి ఇంటికి ఫోను చేసినప్పుడు పెట్టె మూడు కొలతలు, కాటా బరువు అడిగి రాసుకోండి. టైలరు టేపుకు ఒకవైపు ఇంచులు ఉంటాయి, సెంటీమీటర్ల వైపే చూడమని చెప్పండి. 5000తో భాగించే లెక్క సెంటీమీటర్లకే కుదురుతుంది.