రామప్ప కోసం మాట్లాడిన దేశాలు



ముందు ఒక అబద్ధం సంగతి తేల్చాలి. మన జాతీయగీతం ప్రపంచంలోకెల్లా గొప్పదని యునెస్కో ప్రకటించిందట! ఏళ్ల తరబడి ఫోన్లలో తిరుగుతున్న ఈ కబురు ఉత్తది. అలాంటి ప్రకటనేదీ చేయలేదని 2008లోనే యునెస్కో చెప్పింది. అయినా జనగణమన గొప్పదనానికి యునెస్కో నుంచి పత్రం కావాలా?

రామప్ప గుడి యునెస్కో చేతికి పోయిందన్నదీ ఇలాంటిదే. అప్పుడూ ఇప్పుడూ దాన్ని చూసుకుంటున్నది మన కేంద్ర పురావస్తు శాఖే. వెనక ఎవరో కోట్లు వస్తాయంటున్నారు. రావన్నా! యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరితే బాధ్యత పెరుగుతుంది, ఖజానా నిండదు.

అసలు విశేషం 2021 జూలైలో జరిగింది. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో నిలిపిన గుడి, ప్రపంచ వారసత్వ కమిటీ ముందుకు వచ్చింది. సమావేశానికి ఆతిథ్యమిచ్చింది చైనాలోని ఫుజౌ నగరం. కరోనా రోజులు కాబట్టి ప్రతినిధులు తెరల మీదే మాట్లాడుకున్నారు. అధ్యక్షుడు చైనా విద్యాశాఖ ఉపమంత్రి. గల్వాన్ లోయలో చైనా సైన్యంతో ఘర్షణ జరిగి అప్పటికి ఏడాది దాటిందంతే. సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్‌బాబుతో సహా 20 మంది సైనికులను పోగొట్టుకున్న గాయం ఇంకా పచ్చిగానే ఉంది.

కమిటీలో 21 దేశాలున్నాయి, వాటిలో భారత్ లేదు. పైగా నిపుణుల సంస్థ ఐకోమాస్ ఇప్పుడే వద్దు, వాయిదా వేయండని సలహా ఇచ్చింది. మన తరఫున ఎవరో ఒకరు నోరు విప్పాలి. రష్యా విప్పింది. వెంటనే చేర్చాలని ప్రతిపాదిస్తే 17 దేశాలు బలపరిచాయి. జూలై 25న రామప్ప ప్రపంచ వారసత్వ కట్టడమైంది.

దీంతో గల్వాన్ గాయం మానిందని ఎవరూ అనరు. కానీ సరిహద్దులో సైన్యాలు ఎదురుబొదురుగా నిలబడ్డ రోజుల్లోనూ, పాలంపేటలోని మన రామప్ప గుడి గురించి మాట్లాడుకునే వేదిక ఒకటి తెరిచే ఉంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొద్ది నెలలకే, 1945 నవంబరులో, లండన్‌లో దేశాలు కూడి యునెస్కోను నిలబెట్టుకున్నది ఇందుకే.

టైమ్ అయిందని చీటీ వచ్చింది, రెండే ముక్కలు. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని నడిపిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1948-49లో యునెస్కో కార్యనిర్వాహక మండలికి అధ్యక్షత వహించారు. ఇక 2022లో వరంగల్ యునెస్కో లెర్నింగ్ సిటీల్లో చేరింది. అది బిరుదు కాదు, ఏ వయసువారికైనా చదువు అందిస్తామని నగరం ఇచ్చిన మాట. మీ గల్లీలో బడి మానేసిన పిల్లలుంటే, అక్షరం రాని అమ్మలుంటే ఈ వారమే వెళ్లి కలవండి.