తుపాను తీరమున గృహబీమా
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఇందరు పండితులు కూర్చున్న ఈ సభలో, సహకార సంఘమున జమాఖర్చులు వ్రాసికొను నన్ను మాటలాడుమనుట కార్యదర్శిగారి అభిమానమే గాని నా యోగ్యత కాదు. నేను బడిలో చదివినది స్వల్పము. భారత భాగవతములను ఈ గ్రంథాలయపు బీరువాలనుండియే కొనిపోయి, రాత్రులయందు కూడబలుకుకొని చదివితిని. కార్యదర్శిగారు ఏదేని యొక కావ్యమును గూర్చి ముచ్చటింపుమనిరి. నేను గృహబీమాను గూర్చి చెప్పెదనంటిని. వారు చిరునవ్వు నవ్విరి. ఆ నవ్వునకు సమాధానముగ ఈ నాలుగు మాటలు.

మనము ఉత్తరములు వ్రాసికొన్నంతకాలము మొదటి పంక్తిలో యోగక్షేమములు అడుగుట మరువలేదు. యోగమనగా లేనిదానిని సంపాదించుట, క్షేమమనగా సంపాదించినదానిని కాపాడుకొనుట అని పెద్దలు అర్థము చెప్పిరి. మన ఊరిలో యోగమునకు లోటు లేదు. కువైట్ వెళ్లి సంపాదించియో, చెరువులు త్రవ్వియో, అప్పు తెచ్చియో ఇండ్లు కట్టినాము. క్షేమమును మాత్రము సర్కారువారికిని పరమేశ్వరునకును వదలినాము.

మనది సముద్రపు టొడ్డు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినపుడు నేను పలకపట్టిన పిల్లవాడను. సర్కారు లెక్కలలోనే సుమారు పదివేలమంది గతించిరి. 1990 మే నెలలో మరియొకటి వచ్చినది. 1996 నవంబరు 6 రాత్రి మన కోనసీమ మీదికే వచ్చినది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్టణమును, 2018 అక్టోబరులో తిత్లీ శ్రీకాకుళపు తీరమును కొట్టినవి. వచ్చునా రాదా యని సందేహింపవలసిన అతిథి కాదు ఇది.

1996 నాటి మాట ఒకటి చెప్పవలెను. అది నా తప్పు గనుక పేరు పేరున చెప్పుటకు సంకోచము లేదు. అప్పటికి నాకు ఇరువదియారేండ్లు. కొత్తగా లెక్కలు నేర్చినవాడను. నేర్చినవానికి గర్వము మెండు. మా మేనమామగారు తమ పెంకుటింటికి, గాలివానలు కూడ చేర్చి, బీమా చేయింపదలచి నన్ను సలహా అడిగిరి. ఆ ఇల్లు తిరిగి కట్టవలెనన్న ఆనాటి ధరలకు రెండు లక్షలకు తక్కువ కాదు. నేను, "ఇల్లంతయు ఎక్కడ పోవును మామయ్యా! లక్షకు వ్రాయించిన చాలును, ప్రీమియము సగము మిగులును" అంటిని. ఏటికి వందయో నూటయేబదియో మిగిల్చితిని. ఆ రాత్రి రెండు కొబ్బరిచెట్లు కప్పుమీద పడినవి. దూలములు విరిగినవి, పెంకు ఎగిరిపోయినది. సర్వేయరు వచ్చి నష్టము అరువదివేలని నిర్ణయించెను. లక్షకు బీమా యున్నది గదా, అరువదివేలును వచ్చునని మేము నిశ్చింతగ నుంటిమి. వచ్చినది ముప్పదివేలు.

కంపెనీవారు మోసము చేసిరని నేను ఎగిరితిని. పత్రము తీసి చదువగా సరాసరి నిబంధన యని యొకటి కనబడినది. ఇంటి విలువలో సగమునకే బీమా చేసినవాడు, తక్కిన సగమునకు తానే పూచీ వహించినట్లు. కావున ప్రతి నష్టములోను సగము అతనిదే. అరువదివేలలో సగము ముప్పదివేలు. మా మామగారు కాగితము వంక చాలసేపు చూచి, "లెక్క సరిగానే ఉన్నదిరా అబ్బాయీ, మనం వ్రాయించిందే సరిగా లేదు" అనిరి. అంతకు మించి ఒక్క మాట అనలేదు. అనినను బాగుండెడిది. ఆ ఇంటి దక్షిణభాగము నేటికిని రేకులతోనే యున్నది. ఆ వీధిని పోవునపుడెల్ల నా జమాఖర్చు నాకు కనబడుచుండును.

ఇప్పుడు ఆ నిబంధన మన ఇండ్లపై లేదు. 2021 ఏప్రిల్ 1 నుండి సాధారణ బీమా కంపెనీలన్నియు భారత్ గృహ రక్ష యను ఒకే రకపు పాలసీని నివాసగృహములకు ఇయ్యవలెనని బీమా నియంత్రణ సంస్థవారు శాసించిరి. ఇందులో విలువ తక్కువ వ్రాయించినంతమాత్రమున నష్టమును సగము చేయరు. అగ్ని, పిడుగు, భూకంపము, తుపాను, వరద, ఉప్పెన, సునామీ అన్నియు ఇందులోనే చేరియున్నవి. అయినను వ్రాయించిన మొత్తమునకు మించి కాసు రాదు. ఇల్లు కూలినవానికి ఆ అంకెయే గోడ. అంకెను ఎట్లు వ్రాయవలెనో తెలిసికొనుటయే ఇందులో ముఖ్యము.

చాలమంది చేయు పొరపాటు ఇల్లు అమ్మిన ఎంత వచ్చునో అంత వ్రాయించుట. స్థలమును గాలి ఎత్తుకొనిపోదు. స్థలమునకు బీమా లేదు. గోడల నడుమనున్న నేలను కొలిచి, ఒక చదరపు మీటరు కట్టుటకు నేడు ఎంతయగునో మేస్త్రీనడిగి, దానిచే హెచ్చింపవలెను. ఎనుబది చదరపు మీటర్ల ఇంటికి మీటరుకు ఇరువదివేలు చొప్పున పదునారు లక్షలు. ఇంటిలోని సామానులకు వేరుగ చెప్పకున్నను ఇందులో ఇరువది శాతము, అనగా మూడు లక్షల ఇరువదివేలు, తనంత తానే చేరును; ఎంత పెద్ద ఇల్లయినను ఈ భాగము పది లక్షలు దాటదు. నగలు వేరుగ చెప్పి చేర్పించవలెను. ప్రహరీ, వరండా, నీళ్ల ట్యాంకు, మేడమీది సౌరఫలకలు ఇంటిలోనివే. దొడ్డిలోని కొబ్బరిచెట్లు కావు. వానికి కొబ్బరి అభివృద్ధి మండలివారు ఏర్పరచిన పథకము వేరు. పదేండ్లవరకు ఒక్కసారిగ తీసికొనవచ్చును. ఇంటి మొత్తము ఏటేట పదిశాతము చొప్పున అదనపు ప్రీమియము లేకుండ పెరుగును.

"నాకు బీమా యున్నది, ఎల్.ఐ.సి.లో కట్టుచున్నాను" అను పెద్దలు ఈ సభలోనే కలరు. అది ప్రాణమునకు, ఇంటికి కాదు. "బ్యాంకువారు చేయించిరి" అనువారు మరికొందరు. మంచిదే. కాని ఆ పత్రము బ్యాంకు ఫైలులో నుండును. అప్పు ఎంతయో అంతకే చేయించిరేమో, గడువు తీరినదేమో ఎవరును చూడరు. సొమ్ము వచ్చినను ముందు బ్యాంకు బాకీకి పోవచ్చును. నకలు అడిగి తెచ్చుకొనుడు. మూడవ వర్గమువారు సర్కారు సాయము వచ్చుననెదరు. వచ్చును. 2022లో నిర్ణయించిన కేంద్రప్రమాణముల ప్రకారము మైదాన ప్రాంతమున పూర్తిగ కూలిన ఇంటికి 1,20,000 రూపాయలు. అది దయ, లెక్కించి ఇచ్చునది కాదు. పదునారు లక్షల ఇంటివాడు దానితో పునాది లేపుకొనవచ్చును.

పూరిండ్లవారి సంగతి వేరుగ చెప్పకపోవుట అన్యాయము. ప్రతి తుపానులోను మొదట ఎగురునది వారి తాటాకే. బీమా కంపెనీలు వెనుకాడునదియు ఆ తాటాకునకే. ప్రీమియము కట్టుటకు ముందే గోడలు దేనివో, కప్పు దేనిదో ఉన్నదున్నట్లు కాగితముపై చెప్పి, అంగీకారము వ్రాతలో తీసికొనవలెను. పూరిల్లును పెంకుటిల్లని వ్రాయించు మధ్యవర్తి మీ మేలు కోరువాడు కాడు.

నా చెల్లెలి కుమారుడు అమెరికాలో హ్యూస్టను నగరమున నున్నాడు. 2017 ఆగస్టులో హార్వీ తుపాను అచ్చట కుండపోతగ కురిసినపుడు ఒక విచిత్రమును చెప్పెను. ఆ దేశమున ఇంటిబీమాలో గాలి యుండును గాని వరద యుండదట. వరదకు 1968లో వారి ప్రభుత్వము నెలకొల్పిన వేరు బీమా కలదు. ఇంటికి రెండు లక్షల ఏబదివేల డాలర్లు దాని హద్దు. సాధారణముగ కొన్న ముప్పది దినముల తరువాతగాని అమలునకు రాదు. 2005లో కత్రీనా తుపాను పిదప ఇంటిని పడగొట్టినది గాలియా నీరా యని న్యాయస్థానములలో ఏండ్ల తరబడి వాదములు జరిగినవి. మన పాలసీలో ఆ రెండును ఒకచోటనే యున్నవి. అంత ధనికదేశమువారికి లేని ఈ సౌకర్యము మనకుండియు మనము వాడుకొనుట లేదు.

కౌటిల్యుడు అర్థశాస్త్రమున, వానకాలమున ఏటియొడ్డు గ్రామములవారు వరద తగులు చోటులు విడిచి యుండవలెననియు, కొయ్యలు, వెదుళ్లు, పడవలు సిద్ధము చేసికొనవలెననియు విధించెను. వాయుగుండము సముద్రములో నుండగా ఏజెంటునకు ఫోను చేయుట ఇల్లు కాలుచుండగ బావి త్రవ్వుట. లక్కయింటి కథ మీరెరుగనిది కాదు. విదురుడు ఆ ఇంటిని నిప్పునుండి తప్పింపలేకపోయెను. త్రవ్వుటలో నేర్పరియైన యొకనిని ముందుగ పంపి బిలము చేయించెను. బీమా గాలిని ఆపదు. అది ఆ బిలము వంటిది.

నష్టము జరిగిన పిదప చేయవలసినది కొంచెమే గాని ఆలస్యము కూడదు. ముందుగ కంపెనీకి తెలుపవలెను. శిథిలములను ఎత్తివేయకమునుపే ఫొటోలు తీయవలెను. వాన పడకుండ టార్పాలిను కప్పుకొనుట తప్పు కాదు. విరిగిన దూలములను మాత్రము సర్వేయరు చూచువరకు ఉంచుడు. పాలసీ నకలు, ఇంటి కాగితముల నకళ్లు మెరకలోనున్న బంధువుల ఇంట ఒకటి దాచుడు. 1996లో మా వీధిలో పత్రములు పెట్టెలోనే నాని ముద్దయైనవి. కంపెనీ కాదన్నచో ముందు వారికే వ్రాతలో ఫిర్యాదు చేయవలెను. నెలలోపల తృప్తికరమైన జవాబు రానియెడల హైదరాబాదునందలి బీమా అంబుడ్స్‌మన్‌కు వ్రాసికొనవచ్చును. రుసుము లేదు, వకీలుతో పని లేదు. ఏడాది దాటనీయరాదు.

నమూనా పాలసీ నొకదానిని, దాని సారమును తెలుగున నేను వ్రాసిన నాలుగు పుటలతో కుట్టి, పత్రికల బల్లపై నుంచితిని. దయచేసి ఇంటికి కొనిపోకుడు. కొలత టేపు కార్యదర్శిగారి వద్ద నున్నది. వచ్చు ఆదివారము ఉదయము మా మేనమామగారి ఇంటితో మొదలుపెట్టుచున్నాను. వారు లేరు, వారి కుమారుడు అందు కాపురమున్నాడు. తమ ఇల్లు కొలిపించుకొనగోరువారు అచ్చటికి వచ్చి పేరు చెప్పిన, వరుసలో వ్రాసికొందును.