నాంచారమ్మ అంటే ఎవరండీ?

ఇవాళ వంటల సంగతి కాదు, పిల్లల దగ్గు పడిశాల సంగతీ కాదు. ఒక పేరు సంగతి చెబుదామని వచ్చాను. ఆ పేరు నాంచారమ్మ.

బందరు వైపు నుంచో, దివిసీమ నుంచో విజయవాడ కాపరానికి వచ్చిన వాళ్ళు ఈపాటికి నవ్వుకుంటూ ఉంటారు. మా అత్తగారి పేరే అని ఒకరు, మా నాయనమ్మ పేరే అని ఇంకొకరు. మగవాళ్ళయితే నాంచారయ్య, వెంకట నాంచారయ్య, వీర నాంచారయ్య. మన కృష్ణా డెల్టా ఊళ్ళలో పాత తరం వాళ్ళకి ఇది ఇంటి పక్క పేరు. దూరప్రాంతం నుంచి వచ్చిన వాళ్ళు మాత్రం "అదేం పేరండీ?" అంటారు. నిజమే, అదేం పేరు?

మా మేడ కింది వాటాలో ఒకావిడ ఉంటారు. అందరికీ లక్ష్మిగారే. ఏదో కాగితం నింపడానికి ఆవిడ ఆధారు కార్డు నా చేతికిస్తే, దాని మీద నాంచారమ్మ అని ఉంది. "బళ్ళో హాజరు పిలిచినప్పుడల్లా పిల్లలు నవ్వేవాళ్ళండీ. పెళ్ళయ్యాక మా వారికి నలుగురిలో పిలవడానికి మొహమాటం. అప్పట్నుంచీ లక్ష్మినే" అన్నారు. ఈమధ్య మనవరాలు పుట్టింది. అనూరాధ నక్షత్రం. నాయనమ్మ పేరు పెట్టడం వాళ్ళింటి ఆనవాయితీ. కొడుకూ కోడలూ ఒప్పుకుంటున్నా ఆవిడే వద్దంటున్నారు. "ఆ మోటు పేరు నాతోనే పోనివ్వండి" అన్నారు.

ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. మోటు పేరట! అర్థం తెలియక గానీ, దానంత దొరసాని పేరు ఇంకోటి ఉందా?

నాచ్చియార్ అని తమిళ మాట. నాయకుడు అంటామే, ఆ మాటకు ఆడరూపం అన్నమాట. ఏలిక, యజమానురాలు, రాణి అని అర్థం. చివరనున్న ఆర్ అనేది గౌరవం, మన గారు లాంటిది. శ్రీవైష్ణవంతో పాటు ఆ మాట తెలుగుదేశానికి వచ్చి, మన నోళ్ళలో నాని నాంచారు, నాంచారి అయింది. అంతటితో మనకు తృప్తి తీరలేదు, చివర అమ్మ తగిలించాం. అంటే ఏమయింది? రాణి, గారు, మళ్ళీ అమ్మ. ఒక్క పేరులో ముమ్మారు మర్యాద. దీన్ని పట్టుకుని బళ్ళో పిల్లలు నవ్వారంటే, తప్పు పిల్లలది కాదు, అర్థం చెప్పని పెద్దలది.

తమిళనాట ఇది నిజంగా రాణుల బిరుదే. శివగంగను ఏలిన వేలు నాచ్చియార్ కథ వినే ఉంటారు. 1772లో భర్త యుద్ధంలో పోతే, హైదరాలీ సాయం తీసుకుని, 1780లో రాజ్యాన్ని తిరిగి గెలుచుకున్న ఇల్లాలు. 2008లో ఆమె పేర తపాలా బిళ్ళ కూడా వేశారు. 2018లో నాచ్చియార్ అని తమిళంలో ఒక సినిమా వచ్చింది. జ్యోతిక పోలీసు అధికారిణి. తెలుగులోకి తెచ్చేటప్పుడు దానికి ఝాన్సీ అని పేరు మార్చారు. మనకు అర్థం కాదనుకున్నారు కాబోలు! ఇంటింటా నాంచారమ్మలున్న మనకు!

ఇక గుళ్ళలోకి వస్తే, విష్ణుమూర్తి దేవేరులందరూ నాచ్చియార్లే. అన్నమాచార్యుల వారు అలమేలుమంగను నాంచారి అని పిలుచుకున్నారు. కుంభకోణం దగ్గర నాచ్చియార్ కోయిల్ అని ఊరే ఉంది. అక్కడ ఊరేగింపులో అమ్మవారు ముందు, అయ్యవారు వెనక. నాకు భలే ముచ్చటేసింది సుమండీ.

వీళ్ళందరిలోకీ మనకు దగ్గరైనది గోదాదేవి. ధనుర్మాసంలో ముప్ఫై పాశురాల తిరుప్పావై వింటాం, భోగినాడు కల్యాణం చూస్తాం. ఆవిడే రాసిన ఇంకొక ప్రబంధం పేరు నాచ్చియార్ తిరుమొళి, 143 పాశురాలు. శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తుల వారు పెంచుకున్న బిడ్డ. స్వామికని కట్టిన దండ ముందు తన మెడలో వేసుకుని చూసుకుని, తర్వాత పంపేదట. అందుకే చూడిక్కొడుత్త నాచ్చియార్, ముడిచి ఇచ్చిన దొరసాని, అన్నారు. ఆ ముడిచి ఇచ్చిన మాటనే సంస్కృతంలో చెబితే ఆముక్తమాల్యద. శ్రీకృష్ణదేవరాయల కావ్యం పేరు!

ఇక్కడే మన కృష్ణ ఒడ్డు కథలోకి వస్తుంది. కళింగం మీదికి దండెత్తి వెళుతూ రాయలు కొన్నాళ్ళు మన విజయవాడలో ఉన్నాడట. ఇది ఎవరో పుట్టించింది కాదు, ఆ కావ్యం మొదట్లో తనే చెప్పుకున్నాడు. ఇక్కణ్ణుంచి శ్రీకాకుళం వెళ్ళాడు. ఉత్తరాన ఉన్న జిల్లా శ్రీకాకుళం కాదండోయ్, మన ఘంటసాల మండలంలో, కరకట్ట దారిన వెళితే వచ్చే శ్రీకాకుళం. అక్కడ ఆంధ్ర మహావిష్ణువును సేవించి, ఏకాదశి ఉపవాసం ఉన్నాడు. ఆ రాత్రి స్వామి కలలోకి వచ్చి, శ్రీరంగంలో జరిగిన తన పెళ్ళికథను తెలుగులో చెప్పమని అడిగాడు. ఎవరితో పెళ్ళి? నాంచారుతోనే. అయిదు వందల ఏళ్ళ కిందట ఒక తమిళ పిల్ల కథను తెలుగులో చెప్పమని ఆజ్ఞ అయింది మన డెల్టా గుళ్ళో! ఆ చుట్టుపట్ల ఊళ్ళలో ఆడపిల్లకు ఆ పేరు పెట్టుకుంటే మోటు ఎలా అవుతుందో మీరే చెప్పండి.

బీబీ నాంచారమ్మ సంగతి చెప్పకపోతే ఈ కథ సగమే. ఢిల్లీ పాదుషా కూతురు తన దగ్గరున్న స్వామి విగ్రహాన్ని బొమ్మలా చూసుకుంటూ ప్రేమ పెంచుకుందనీ, రామానుజుల వారు వచ్చి ఆ విగ్రహాన్ని మేల్కోటకు తీసుకుపోతే విరహం పట్టలేక వెంట వచ్చి, స్వామిలో లీనమైందనీ కథ. మేల్కోటలో ఇప్పటికీ స్వామి పాదాల దగ్గర ఆమె రూపు ఉంటుంది. శ్రీరంగంలో తులుక్క నాచ్చియార్ అంటారు. అక్కడ విగ్రహం లేదు, గోడ మీద చిత్రమే. ఆమె పేర స్వామికి రొట్టెలు నైవేద్యం పెడతారు, లుంగీ కడతారు. మన వైపు ఆమెను వేంకటేశ్వర స్వామి దేవేరి అంటాం. ఉగాదినాడు దేవుని కడప గుడికి ముస్లిం సోదరులు వచ్చి కొబ్బరికాయ కొట్టుకుంటారు. మా ఆడపడుచు భర్త కదా, మాకు అల్లుడే కదా అని.

చరిత్ర తెలిసిన వాళ్ళు అడ్డం పడతారు. రామానుజులు పరమపదించింది 1137లో అంటారు, ఢిల్లీలో సుల్తానుల ఏలుబడి మొదలైంది 1206లో, శ్రీరంగం మీదికి దండు వచ్చింది 1311లో, మళ్ళీ 1323లో. లెక్క కుదరదు. కుదరకపోతే పోనిద్దురూ. గుడి దోపిడైన తర్వాత కూడా ఆ దోచినవాళ్ళ ఇంటి పిల్లను కోడలిగా గర్భగుడిలో నిలుపుకున్న మనుషుల మనసు చూడండి, నాకు తారీఖుల కంటే అదే పెద్దదిగా కనిపిస్తుంది.

ఎరుకల వాళ్ళు కూడా నాంచారమ్మను ఇలవేల్పుగా కొలుస్తారు. దివిసీమలో ఆమె గ్రామదేవత. పాదుషా కూతురు దగ్గర్నుంచి బుట్టలల్లే ఇల్లాలి దాకా అందరికీ కావలసిన పేరండీ ఇది.

మగవాళ్ళకు ఆడపేరేమిటి అంటారేమో. సీతయ్య, లక్ష్మయ్య, గంగయ్య లేరూ? తల్లి పేరు మోయడం మన మగవాళ్ళకు కొత్త కాదు.

అనూరాధ నక్షత్రానికి నా, నీ, నూ, నే అక్షరాలు. నా దగ్గర మొదలయ్యే కొత్త పేరు కోసం పుస్తకాలన్నీ తిరగేస్తారు గానీ, నాంచారి అని మూడక్షరాలు ఎదురుగానే ఉన్నాయి. ముద్దుగా నాంచీ అని పిలుచుకోవచ్చు. పెద్దయ్యాక అమ్మ చేర్చుకుంటుందో మానుకుంటుందో దాని ఇష్టం. పెట్టుకున్న వాళ్ళు ఒక్క జాగ్రత్త పడండి. ఇంగ్లీషులో ఈ పేరును ఒక్కో గుమాస్తా ఒక్కోలా రాస్తాడు. బడి కాగితంలో ఒకటి, బ్యాంకు పుస్తకంలో ఒకటి, రేషను కార్డులో ఇంకొకటి ఉంటే పింఛను రోజున తిప్పలు. పుట్టినరోజు సర్టిఫికెట్టులో ఎలా ఉందో అలాగే అన్నిచోట్లా రాయించండి.