రోడ్డు ఎవరి కోసం? ఖర్చు ఎవరి మీద?

(తోటపల్లి గూడూరు మండల రైతు సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మద్దతు ధర గురించో, కాలవ నీళ్ల గురించో మాట్లాడాల్సిన రైతు సంఘం రోడ్ల సంగతి ఎందుకెత్తింది అని కొందరు అడిగారు. కయ్యలో పండిన వడ్లు కల్లానికి, అక్కడి నుంచి మిల్లుకు, బియ్యమై చెన్నైకి పోయేది రోడ్డు మీదనే. దళారి పుట్టికి, అంటే 850 కిలోలకు, ధర చెప్పేటప్పుడు లారీ కిరాయి ముందే తీసేసి చెప్తాడు. రోడ్డు ఖర్చు మన ధరలోనే కోత పడుతోంది.

ముందు టోలు సంగతి చూద్దాం. 2008 నాటి జాతీయ రహదారుల ఫీజు నిబంధనల ప్రకారం ట్రాక్టరుకు, ఎడ్లబండికి, ఆటోకు టోలు లేదు. అయితే అక్కడే ఇంకో మాట ఉంది. పక్కన సర్వీసు రోడ్డు ఉంటే ట్రాక్టరు, వరికోత యంత్రం, ఎడ్లబండి పెద్ద రోడ్డెక్కకూడదు. కాబట్టి సర్వీసు రోడ్డు మధ్యలో ఎక్కడ తెగిపోయినా ఇబ్బంది పడేది మనమే.

ట్రాక్టరుకు టోలు లేకపోయినా మన బియ్యం ట్రాక్టరులో చెన్నై పోవు. లారీ వెంకటాచలం గేటులో కట్టాలి, బూదనం గేటులో కట్టాలి. ఆ రేటు ఏటా 3 శాతం, దానికి తోడు టోకు ధరల పెరుగుదలలో 40 శాతం చొప్పున పెరుగుతుంది. 2025 ఆగస్టు 15 నుంచి సొంత కార్లకు 3,000 రూపాయల ఏడాది పాసు ఇచ్చారు. దానితో 200 సార్లు గేటు దాటవచ్చు. తిండిగింజలు మోసే లారీకి ఆ పాసు లేదు.

ఇప్పుడు రాష్ట్ర రోడ్ల మీదా టోలు మాట వచ్చింది. గోదావరి జిల్లాల్లో ముందుగా చేసి చూద్దామని 2024 నవంబరులో ముఖ్యమంత్రి అసెంబ్లీలో ప్రతిపాదించారు. బైకులకు, ఆటోలకు, ట్రాక్టర్లకు మినహాయింపు అన్నారు. ఇక్కడా లారీ కట్టేది కిరాయిలోకి, కిరాయి మన ధరలోకి వస్తుంది.

హైదరాబాదు సంగతి చూడండి. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీద టోలు వసూలు హక్కును 2023లో 30 ఏళ్లకు 7,380 కోట్ల రూపాయలకు ఒక ప్రైవేటు కంపెనీకి ఇచ్చారు. అదే ఏడాది అక్టోబరులో ఆ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ దారి ప్రారంభించారు. పైన సోలార్ పలకల కప్పు వేశారు. తొక్కేవాళ్లకు నీడ, పైన కరెంటు. మంచి ఆలోచనే, మనకేమీ అభ్యంతరం లేదు. కానీ అది నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు ప్రాంతంలో, ఐటీ ఆఫీసుల చుట్టుపక్కల వచ్చింది. అక్కడ చాలామందికి సైకిల్ వ్యాయామం. మనకది పనిముట్టు.

వరిగొండ, నరుకూరు, కోడూరు దారుల్లో తెల్లవారుజామున నిలబడితే తెలుస్తుంది. పాల క్యాన్ల సైకిళ్లు, నాట్లకు నడిచిపోయే ఆడవాళ్లు, హైస్కూలుకు పోయే పిల్లలు, వాళ్లను ఆనుకుని రొయ్యల మేత లారీలు. రోడ్డు అంచు కోసుకుపోయి ఉంటే పక్కకు దిగేందుకు చోటే ఉండదు. కల్లాలు చాలక వడ్లు కూడా ఆ తారు మీదే ఆరబోయాల్సి వస్తోంది. రోడ్డు వెడల్పుకు లెక్క కట్టేవాళ్లు లారీలను, కార్లను లెక్కపెడితే చాలదు. ఈ మనుషులనూ లెక్కలో వేయాలి.

ఇక నీళ్లు. మనది పెన్నా డెల్టా చివరి భూమి. వాననీరు తూర్పుగా సముద్రానికి పోవాలి. ఉత్తర దక్షిణంగా ఎత్తుగా వేసిన రోడ్డుకు తూములు చాలకపోతే అది కట్టగా మారి కయ్యలను ముంచుతుంది. 2021 నవంబరు వరదల్లో పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారీ తెగింది. నీటి దారి చూడకుండా వేసిన రోడ్డు రోడ్డుగానూ నిలవదు.

మన పక్కనే ఇంకో దారి ఉంది. అది బకింగ్‌హాం కాలవ. పెదగంజాం నుంచి మరక్కాణం దాకా దాదాపు 420 కిలోమీటర్లు. 1877-78 కరువులో కూలి కోసం వచ్చిన జనం దానిలో కొంత భాగం తవ్వారు. బియ్యం, ఉప్పు, కట్టెలు పడవల్లో మద్రాసు పోయేవి. 1965, 66, 76 తుపానులకు దెబ్బతింది. 2008లో నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చారు, అయినా సరుకు పడవలు మళ్లీ నడవలేదు. ప్రభుత్వం చెప్పే లెక్క ప్రకారమే లీటరు ఇంధనంతో టన్ను సరుకు రోడ్డు మీద 24 కిలోమీటర్లు, రైలులో 85, నీటి మీద 105 పోతుంది.

అందుకే మన కోర్కెలు ఇవి:

1. రోడ్డు పథకం వేసే ముందు సైకిళ్లను, పాదచారులను, ట్రాక్టర్లను కోతల కాలంలో లెక్కించాలి.
2. మండల రోడ్లకు రెండు వైపులా మీటరున్నర గట్టి అంచు సైకిళ్లకు, నడిచేవాళ్లకు వదలాలి.
3. తూముల సంఖ్య, ఎత్తు రైతులతో కలిసి పొలంలో చూసి నిర్ణయించాలి.
4. వడ్లు, బియ్యం లారీలకు టోలు తగ్గించాలి. సర్వీసు రోడ్లు తెగకుండా పూర్తి చేయాలి.
5. ప్రతి రైతు సేవా కేంద్రం దగ్గర సిమెంటు కల్లం కట్టాలి.
6. బకింగ్‌హాం కాలవ పూడిక తీసి, ఆక్రమణలు తొలగించాలి.

వచ్చే గ్రామసభలో ప్రతి ఊరి నుంచీ ఈ ఆరూ తీర్మానాలుగా రావాలి. అంతకుముందే మీ ఊళ్లో అంచు తెగిన రోడ్డు, పూడిన తూము ఎక్కడున్నాయో రాసి సంఘానికి ఇవ్వండి. వాటన్నిటినీ కలిపి కలెక్టరు ముందు పెడదాం.