పానా పట్టిన చేయి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్వర్ణోత్సవ గుర్తుగా బడి ఆవరణలో ఏం పెట్టాలని కమిటీ ఆలోచిస్తోంది. ఆ విషయంలో ఒక మనవి చేసుకుందామనే ఈ ఐదు నిమిషాలు అడిగాను.

మన రేనాడు వీరగల్లుల సీమ. ఊరి పొలిమేరల్లో, గుళ్ల పక్కన చూస్తుంటాం. అడుగున పోరు, మధ్యలో వీరుణ్ణి తీసుకుపోయే దేవకన్యలు, పైన శివసాన్నిధ్యం చెక్కడం వాటి వాడుక. పోరులో పడిపోయినవాడికే ఆ రాయి. 2019 ఫిబ్రవరి 25న ఢిల్లీలో ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకంలోనూ గ్రానైటు మీద 25 వేలకు పైగా పేర్లున్నాయి. అన్నీ అమరులవే. అది న్యాయమే. మరి యుద్ధానికి పోయి, ప్రాణాలతో తిరిగొచ్చి, మన వీధుల్లోనే బతికి వెళ్లిపోయినవాళ్ల పేర్లు ఎక్కడ చెక్కాలి?

మా నాయన వాళ్లలో ఒకరు. 1971 డిసెంబరులో పశ్చిమ సరిహద్దులో ఉన్నారు. సైన్యం బండ్లు బాగుచేసే ఈఎంఈ విభాగంలో మెకానిక్కు. ఆ నెల 16న ఢాకాలో శత్రుసేన లొంగిపోయిన సంగతి మనం పుస్తకాల్లో చదివాం. చలిరాత్రి దీపం పెట్టకుండా, చేత్తో తడుముకుంటూ ఇంజిన్లు విప్పి బిగించినవాళ్ల సంగతి పుస్తకాలకు ఎక్కలేదు.

ఆయన పోయాక ఆళ్లగడ్డలో ఒక రాయి చేయించాం. అక్కడి ఉలికి దేవతామూర్తులు అలవాటు. శిల్పి నమూనా గీస్తూ, చేతిలో తుపాకీ పెట్టమంటారా అని అడిగారు. మా అమ్మ ఒప్పుకోలేదు. "మీ నాయన పట్టుకున్యాది పానా. అదే పెట్టించు నాయనా" అంది. "దేవుడి ఆయుధాలకు శాస్త్రంలో కొలతలున్నాయి. దీనికి లేవు కదా!" అంటూ శిల్పి నవ్వి, ఒక పానా తెప్పించుకున్నారు. ఇరుకుచోట తిప్పడానికి వీలుగా దాని నోరు పిడికి 15 డిగ్రీలు వాలి ఉంటుంది. ఆ వాలు కూడా రాతిలో తప్పకుండా దించారు. ఆ రాయి చూసి అడిగే పిల్లలకు, యుద్ధమంటే కాల్చడమొక్కటే కాదని చెప్పగలుగుతున్నాం.

1971లో ఇరవై ఏళ్లున్నవాళ్లకు ఇప్పుడు డెబ్బై దాటాయి. ఎక్కువ కాలం లేదు. మీ ఇంట్లో తండ్రో, తాతో, పెదనాన్నో 1962, 1965, 1971, 1999 యుద్ధాల్లో పనిచేసి ఉంటే, వంటవారైనా, డ్రైవరైనా, తంతి పనివారైనా సరే, ట్రంకు పెట్టెలోని డిశ్చార్జి పుస్తకం బయటికి తీయండి. పేరు, ఊరు, విభాగం, చేసిన పని రాసివ్వండి. బతికున్నవారి మాటలు వారి గొంతుతోనే సెల్‌ఫోనులో దాచండి. డ్రాయింగు మాస్టారు దగ్గరుండి పిల్లలచేత వాళ్ల బొమ్మలు గీయించాలి. ఆ పేర్లతో, ఒక్కొక్కరి పనిముట్టు గుర్తుతో, ఆళ్లగడ్డ చేతిపనిగా ఒక రాయి జెండా కంబం దగ్గర నిలబెడదాం. పోయినవారివి, తిరిగొచ్చినవారివి పేర్లు ఒకే వరుసలో ఉండాలి. దాతలుగా మన పేర్లు వెనకవైపు ఉన్నా చాలు.

మా ఇంటి కాగితం కార్యదర్శి గారికి ఇప్పుడే ఇస్తున్నాను. మీవి కూడా చేరితే రాయికి కొలతలు తీయడం నా వంతు.