గోడలు నిలిచిన చాలునా?



ఇతరుల భవనములకు అద్దెలు వసూలు చేయుట, మరమ్మతులు చేయించుట నా వృత్తి. 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినది. గాలి గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగముతో వీచినది. కిటికీల అద్దములు పగులునని యెరుగుదును. గోడలు నిలుచునని నమ్మితిని. గోడలు నిలిచినవి. కాని విద్యుత్తు పోయెను, పంపు ఆగెను, మూడవ అంతస్తునకు నీరెక్కలేదు. టెలిఫోనులు మూగవోయినవి. ఏ వాటాలో ఎవరున్నారో తెలుపు జాబితా కంప్యూటరులోనే చిక్కుకొనిపోయెను. పై వాటాలో మంచము పట్టిన వృద్ధురాలొకతె యుండెను. ఇరుగుపొరుగువారు బిందెలతో నీరు మోసి ఆమెను కాపాడిరి. మేము మూడవనాటికి గాని పోజాలలేదు.

అద్దెదారు అద్దె చెల్లించునది నివాసము సాగుటకు. కావున ఏటేట అక్టోబరునకు ముందే ఒక దినము మెయిన్ స్విచ్చి ఆపి చూడుడు. ఏది ఆగునో, ఎవరు ఇబ్బంది పడుదురో అప్పుడే తెలియును. పంపునకు జనరేటరును, దానికి తగిన చమురును సిద్ధపరుపుడు. అద్దెదారుల జాబితాను, భీమా పత్రముల నకళ్లను కాగితముపై రెండు తావుల నుంచుడు. టెలిఫోను పలుకనినాడు ఏ భవనమునకు ఎవరు నడచిపోవలయునో ముందే నిర్ణయింపుడు. ఆ వృద్ధురాలి ఋణము మేమిట్లే తీర్చుకొనుచున్నాము.